పానా పట్టే చేతికి ప్రశ్న కూడా నేర్పాలి

కారు షెడ్డులోకి వచ్చింది. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజన్ తిరగడం లేదు. లోపలి లైటు మాత్రం వెలుగుతోంది. పని నేర్చుకుంటున్న ముగ్గురిని పిలిచి ఏం చేస్తారని అడిగితే సాధారణంగా ఇలాంటి జవాబులు వస్తాయి. ‘బ్యాటరీ పోయింది సార్, మార్చేద్దాం’ అంటాడు మొదటి కుర్రాడు. ‘సెల్ఫ్ కాలిపోయుంటుంది, విప్పేస్తాను’ అంటాడు రెండోవాడు. మూడో అమ్మాయి పానా జోలికే పోదు. ‘ముందు మీటరు ఇవ్వండి సార్, బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో చూసి చెప్తాను’ అంటుంది.

మొదటి ఇద్దరికీ చేతిపని వచ్చు. బ్యాటరీ మార్చగలరు, సెల్ఫ్ విప్పి బిగించగలరు. కానీ లోపం ఆ రెండింటిలోనూ లేకపోతే బండి యజమాని జేబుకు చిల్లు పడుతుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. మూడో అమ్మాయికి చేతిపనితో పాటు ఇంకొకటి వచ్చు. లోపం ఎక్కడుందో వెతకడం వచ్చు. హెల్పరుకూ మెకానిక్కుకూ తేడా అక్కడే ఉంది. మంచి శిక్షణ అంటే ఈ వెతకడాన్ని నేర్పడమే. పదో తరగతి తర్వాత మోటారు వాహనాల పనిలోకి వెళ్లాలనుకునే పిల్లలు, వాళ్లకు దారి చెప్పే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

షెడ్డు ఇచ్చేది, ఇవ్వనిది

మన ప్రాంతాల్లో ఈ పని ఎక్కువమంది నేర్చుకున్నది షెడ్డులోనే. చేరిన కొత్తలో పని పానాలు అందించడం. ‘పదీ పదకొండు తే’, ‘పన్నెండూ పదమూడు తే’ అని మేస్త్రి అరుస్తుంటే కొన్నాళ్లకు నట్టు చూడగానే ఏ పానా పడుతుందో కన్ను చెప్పేస్తుంది. టప్పెట్ల చప్పుడుకీ బేరింగు చప్పుడుకీ తేడా చెవికి తెలుస్తుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోందని, నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువవుతోందని ముక్కూ కన్నూ పసిగడతాయి. ఏ పుస్తకమూ ఇంత త్వరగా ఇవ్వలేని విద్య ఇది. దీన్ని తక్కువ చేయకూడదు.

షెడ్డు ఇవ్వలేనిది ‘ఎందుకు’. మేస్త్రి దాచిపెట్టి కాదు. ఆయనకు తెలిసింది ఆయన చేతుల్లో ఉంది, నోట్లో లేదు. సాయంత్రంలోగా బండి అప్పజెప్పాలి, ఆపి చెప్పే తీరిక ఉండదు. అందువల్ల శిష్యుడు మేస్త్రి ఏం చేశాడో చూస్తాడు గాని, ఎందుకు చేశాడో చూడలేడు. పాత బండి వచ్చినంతకాలం నడిచిపోతుంది. కొత్త రకం బండి వచ్చిన రోజున చూసి నేర్చుకున్నది చాలదు.

ఇంకో సంగతి. 14 ఏళ్లు నిండని పిల్లలను ఇలాంటి షెడ్డుల్లో పనికి పెట్టుకోవడం చట్టవిరుద్ధం. 2016లో బాల కార్మిక చట్టానికి చేసిన సవరణ దీన్ని స్పష్టంగా చెప్పింది. ‘చదువు అబ్బలేదు, షెడ్డులో వేసేద్దాం’ అని ఎనిమిదో తరగతి పిల్లవాడిని మాన్పించడం అన్ని విధాలా తప్పు.

ఐటీఐలో ఏముంది?

పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో ఈ రంగానికి సంబంధించి చాలాచోట్ల కనిపించే ట్రేడులు మూడు. మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లది. మెకానిక్ డీజిల్ ఏడాదిది. టూ వీలర్, త్రీ వీలర్ మెకానిక్ కూడా ఏడాదిదే. ఎలక్ట్రిక్ వాహనాల ట్రేడు ఈ మధ్య కొన్ని సంస్థల్లో మొదలైంది. పూర్తి చేసినవారికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా కంపెనీలోనో, సర్వీసు సెంటర్‌లోనో, ఆర్టీసీ డిపోలోనో స్టైపెండుతో అప్రెంటిస్‌గా చేరవచ్చు. అది ముగిశాక పరీక్ష నెగ్గితే జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ అందుతుంది.

కొన్ని ఐటీఐల్లో డ్యుయల్ సిస్టమ్ ఆఫ్ ట్రైనింగ్ అనే పద్ధతి ఉంది. కొంతకాలం తరగతి, కొంతకాలం కంపెనీలో అసలైన పని. దీనికి మూలం జర్మనీ. ఆ దేశంలో కారు మెకానిక్‌గా ఒకరు, కారు ఎలక్ట్రీషియన్‌గా మరొకరు వేర్వేరుగా నేర్చుకునేవారు. 2003లో ఆ రెండు వృత్తులనూ కలిపేసి మెకట్రానిక్ అనే ఒకే వృత్తిని తెచ్చారు. శిక్షణ మూడున్నరేళ్లు. ఇనుము పని, కరెంటు పని వేరు కావు, రెండూ ఒకే మనిషికి రావాలి అన్నది అందులోని అర్థం. మన దగ్గరా ఇప్పుడు బళ్లు అడుగుతున్నది అదే.

నాలుగు మెట్ల పాఠం

వర్క్‌షాపులో పని నేర్పడానికి వందేళ్లుగా నిలిచిన పద్ధతి ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఓడలు కట్టడానికి వేలమంది కొత్త పనివాళ్లు కావలసి వచ్చారు. వాళ్లకు త్వరగా పని నేర్పడానికి చార్లెస్ అలెన్ అనే వృత్తివిద్యా నిపుణుడు నాలుగు మెట్లు పెట్టాడు. 1919లో పుస్తకంగానూ రాశాడు. నేర్చుకునేవాణ్ని సిద్ధం చేయడం, పని చేసి చూపించడం, అతని చేత చేయించడం, చివరికి ఒంటరిగా చేయగలడేమో పరీక్షించడం. రెండో ప్రపంచ యుద్ధంలో కర్మాగారాల శిక్షణకు ఇదే పునాది అయింది.

చక్రం బిగించే పాఠాన్ని ఈ నాలుగు మెట్లలో పెట్టి చూద్దాం.

మొదట బోధకుడు అడుగుతాడు: ‘చక్రం నట్లు వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగిస్తే ఏమవుతుంది?’ పిల్లలు ఊహించి చెబుతారు. తప్పయినా ఫర్వాలేదు, ఆలోచన మొదలైంది. రెండో మెట్టులో తానే చేసి చూపిస్తాడు. ఒక నట్టు తర్వాత దాని ఎదురు నట్టు, అడ్డంగా అడ్డంగా బిగిస్తాడు. ముందు చేత్తో, తర్వాత పానాతో, చివర బండి దించాక టార్క్ రెంచితో. చేస్తూనే కారణం పైకి చెబుతాడు. ఒక పక్కనే బిగిస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది, బ్రేకు డిస్కు మీద ఒత్తిడి సమంగా పడదు, తర్వాత బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. చిన్న కార్లలో చాలావాటికి ఈ బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో ఉంటుంది, అక్కడే చూడాలి.

మూడో మెట్టులో విద్యార్థి చేస్తాడు. అయితే మౌనంగా కాదు. ఇప్పుడు ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో తానే చెబుతూ చేయాలి. ఈ మెట్టు దగ్గరే చాలా వర్క్‌షాపులు తొందరపడతాయి. చేయి సరిగ్గా తిరిగితే చాలు, వచ్చేసిందనుకుంటాయి. చెప్పలేని పనిని విద్యార్థి అనుకరించాడే గాని అర్థం చేసుకోలేదు. నాలుగో మెట్టులో బోధకుడు పక్కకు తప్పుకుంటాడు. మర్నాడు వేరే బండి ఇచ్చి చూస్తాడు. పిల్లవాడు తప్పు చేస్తే లోటు ముందు మెట్లలో ఎక్కడుందో వెతుక్కోవాల్సింది బోధకుడే.

కావాలనే లోపం పెట్టి

విప్పడం, బిగించడం నాలుగు మెట్లతో వస్తాయి. లోపం వెతకడం దాంతో రాదు. అందుకు వేరే పాఠం కావాలి. బోధకుడు నడిచే బండిలో ముందే ఒక లోపం పెట్టి, ఫిర్యాదు మాత్రం విద్యార్థి చేతికి ఇస్తాడు. మొదట్లో చెప్పుకున్న కారు అలాంటిదే.

ఇక్కడ కొన్ని కట్టుబాట్లుంటాయి. యజమాని చెప్పిన మాటలు యథాతథంగా జాబ్ కార్డు మీద రాయాలి. కారణం కాగలిగినవి కనీసం మూడు రాయాలి. ఒక్కొక్కదాన్ని తేల్చడానికి ఏ పరీక్ష చేయాలో పక్కనే రాయాలి. తేలికైన పరీక్ష ముందు, కష్టమైనది తర్వాత. పరీక్ష కాకుండా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. బాగుచేశాక మళ్లీ మొదటి ఫిర్యాదుకే వెళ్లి, అది పోయిందో లేదో చూడాలి.

ఆ అమ్మాయి మీటరు తీసుకుంది. బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ అంతే చూపిస్తుంది. మొదటి కుర్రాడి ‘బ్యాటరీ పోయింది’ మాట బలహీనపడింది. అంతటితో వదల్లేదు. తాళం తిప్పి పట్టుకోమని చెప్పి మళ్లీ చూసింది. అప్పుడూ బ్యాటరీ దగ్గర వోల్టులు బాగా పడిపోలేదు. ఇక బ్యాటరీని అనుమానించే పని లేదు. తర్వాత మీటరు ఒక మొనను బ్యాటరీ మైనస్ కొన మీద, రెండో మొనను ఇంజన్ లోహం మీద పెట్టి తాళం తిప్పమంది. రెండూ ఎర్త్ కాబట్టి అక్కడ దాదాపు సున్నా రావాలి. మహా అయితే 0.2 వోల్టులు. మీటరు 3 వోల్టులు చూపించింది. లోపం దొరికింది. ఎర్త్ పట్టీ బోల్టు కింద బోధకుడు తుప్పు పట్టిన వాషరు పెట్టాడు. గీకి శుభ్రం చేసి బిగిస్తే ఇంజన్ లేచింది. ఖర్చు గీకుడు కాగితం.

మరి లోపలి లైటు ఎలా వెలిగింది? పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలోనే జవాబుంది. ఓమ్ నియమం. తుప్పు వల్ల అక్కడ 0.02 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. లైటుకు ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు. ఒకటే అనుకున్నా 0.02 వోల్టులు మాత్రమే పోతాయి, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ తిరగాలంటే 150 ఆంపియర్ల దాకా కావాలి. 150ని 0.02తో హెచ్చిస్తే 3. అంటే తుప్పు దగ్గరే 3 వోల్టులు కాజేస్తోంది. సెల్ఫ్‌కు మిగిలింది చాలలేదు. లైటు వెలిగింది కాబట్టి కరెంటు బాగానే ఉందనుకోవడం ఎంత పొరపాటో ఆ ఒక్క గుణకారం చెబుతుంది. ఈ లెక్క పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. షెడ్డులో దీని విలువ ఒక సెల్ఫ్ మోటారు ధర.

స్కానర్ చెప్పేది సగమే

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. కార్లలో ఎప్పుడో పోయిన కార్బొరేటర్, కొత్త మోటారు సైకిళ్లలో కూడా చాలావరకు పోయి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ వచ్చింది. బండిలో చిన్న కంప్యూటర్ కూర్చుంది. లోపం వస్తే అది ఒక కోడు దాచిపెడుతుంది. స్కానర్ తగిలిస్తే కోడు కనిపిస్తుంది. ‘ఇక మెకానిక్‌తో పనేముంది, మిషనే చెబుతుందిగా’ అని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. అది నిజం కాదు.

‘పీ 0301’ అనే కోడు చూద్దాం. పీ అంటే ఇంజన్, గేరుబాక్సు వైపు లోపం. తర్వాతి సున్నా ఇది అన్ని కంపెనీలకూ వర్తించే కోడు అని చెబుతుంది. 3 అంటే ఇగ్నిషన్, మిస్సింగ్ వర్గం. 01 అంటే ఒకటో సిలిండర్. మొత్తం అర్థం: ఒకటో సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది. ఎందుకు కొడుతోందో కోడు చెప్పదు. స్పార్క్ ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, వైరు తెగి ఉండవచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు.

తెలివైన బోధకుడు ఇక్కడ ఒక చిట్కా నేర్పుతాడు. ఒక్కో సిలిండర్‌కూ విడి కాయిల్ ఉండే ఇంజన్ అయితే, ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి, రెండో దాన్ని ఒకటో దానికి మార్చి, కోడు చెరిపి, బండి మళ్లీ నడపమంటాడు. ఇప్పుడు ‘పీ 0302’ వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలింది, కాయిలే దోషి. కోడు మారకుండా అలాగే ఉంటే కాయిల్ నిర్దోషి, తర్వాతి అనుమానానికి వెళ్లాలి. కొత్త సామాను కొనకుండానే తేలిపోయింది. సైన్సు ప్రయోగంలో ఒక్కదాన్నే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచుతాం కదా, ఇదీ అంతే.

మూడు పేర్ల నోటుబుక్కు

ఇక మన పిల్లల అసలు ఇబ్బందికి వద్దాం. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. ఐటీఐ మెట్టు దాకా ఆ మాట రాదు. తెలుగులో చదువుకున్న పిల్లలు హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, రాయగడలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ, వాటి మధ్య ఇంగ్లిష్ వినాల్సి వస్తుంది. యానాం పిల్లలకు చుట్టూ తెలుగే కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ.

చేత్తో చేసే పనిలో భాష అడ్డురాదు, చూసి చేసేస్తారు. చిక్కు మూడో మెట్టు దగ్గర వస్తుంది. ‘ఎందుకు చేశావో చెప్పు’ అన్నప్పుడు తెలిసిన పిల్లలు కూడా తల వంచుకుంటారు. బోధకుడికి అది తెలియనితనంలా కనిపిస్తుంది. అడగడం మానేస్తాడు. అడగని చోట వెతకడం నేర్చుకోరు. చివరికి సర్టిఫికెట్ వచ్చినా హెల్పరుగా మిగిలిపోతారు. తెలుగు పిల్లలు నష్టపోయేది ఈ మౌనం వల్ల.

దీనికి చవకైన మందు ఒక నోటుబుక్కు. ప్రతి పేజీలో మూడు గడులు గీయాలి. మొదటిది షెడ్డులో పిలిచే పేరు, రెండోది మాన్యువల్లో ఉండే పేరు, మూడోది అది చేసే పని తెలుగులో, సొంత మాటల్లో.

సెల్ఫ్: మాన్యువల్లో స్టార్టర్ మోటార్. ఇంజన్‌ను మొదట తిప్పి లేపేది.

డైనమో: మాన్యువల్లో ఆల్టర్నేటర్. ఇంజన్ తిరుగుతున్నంతసేపు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది.

మిస్సింగ్: మాన్యువల్లో మిస్‌ఫైర్. సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం.

షాకబ్జర్: మాన్యువల్లో షాక్ అబ్జార్బర్. గుంతలో పడ్డాక స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది.

ఈ చివరిది చూడండి. పేరు చదివితే దెబ్బను మింగేదనిపిస్తుంది. దెబ్బ తినేది స్ప్రింగు. ఊపును అణచేది షాకబ్జర్. ఈ తేడా తెలుగులో రాసుకున్న పిల్లవాడికి, ‘గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంది’ అనే ఫిర్యాదు వినగానే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. రెండో గడి పరీక్షకూ స్కానర్‌కూ పనికొస్తుంది. మొదటి గడి పక్కవాడితో పని చేయడానికి పనికొస్తుంది. మూడో గడి ఆలోచించడానికి. ఆ ఊరి భాషలో షెడ్డు పేరు వేరుగా ఉంటే దాన్నీ మొదటి గడిలోనే చేర్చుకోవాలి. మరాఠీలోనూ పానాను పానా అనే అంటారు, తమిళనాట స్పానర్ అంటారు. మన పిల్లలకు ఇలాంటి రెండు మూడు భాషలు ఇంటి చుట్టూ దొరుకుతాయి. సర్వీసు సెంటర్‌లో బండి యజమాని ఏ భాషలో చెప్పినా అర్థం చేసుకుని జాబ్ కార్డు రాయగలగడం మామూలు నైపుణ్యం కాదు.

బడిలోనే మొదలుపెట్టవచ్చు

ఇందుకు ఐటీఐ దాకా ఆగనక్కర్లేదు. ప్రయోగశాలలో ఒక మల్టీమీటరు, రెండు టార్చి సెల్లులు, చిన్న బల్బు, కొన్ని వైర్లు చాలు. ఉపాధ్యాయులు ఒక కలయిక దగ్గర లోపం పెట్టి, పిల్లల చేత వెతికించవచ్చు. తుప్పు మేకు ఒకటి మధ్యలో కలిపి వోల్టుల తేడా చూపించవచ్చు. కారు బ్యాటరీతో మాత్రం బడిలో ప్రయోగాలు వద్దు. దాని రెండు కొనలు లోహంతో కలిస్తే క్షణంలో కాలుతుంది. కారణాలు మూడు రాయడం, పరీక్ష పక్కన రాయడం, విప్పే ముందు చెప్పడం అనే కట్టుబాట్లు బడిలోనూ అవే.

చేరే ముందు సంస్థకు వెళ్లి కొన్ని సంగతులు అడగాలి. బోధన ఏ భాషలో, పరీక్ష ఏ భాషలో? వర్క్‌షాపులో నడిచే బండి ఉందా, కోసిన నమూనా ఇంజన్ మాత్రమేనా? స్కానర్ విద్యార్థుల చేతికి ఇస్తారా, బీరువాలో ఉంటుందా? అప్రెంటిస్‌షిప్ ఎక్కడ దొరుకుతోంది? చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ ఐటీఐ పుస్తకాలను ఇంగ్లిష్, హిందీలతో పాటు ప్రాంతీయ భాషల్లోనూ ప్రచురిస్తుంది. మీ ట్రేడుకు తెలుగు పుస్తకం ఉందేమో విచారించండి. ఉంటే పక్కన పెట్టుకుని చదివితే మూడో గడి సులువుగా నిండుతుంది.

ఇప్పటికే షెడ్డులో పని నేర్చుకున్న అన్నలు, బాబాయిలు ఉంటే వాళ్లకూ దారి ఉంది. ముందే వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. వాళ్ల చేతుల్లో ఉన్న విద్యకు మాట కూడా తోడైతే అది కాగితం మీదికి వస్తుంది.

ఈ వారం తరగతిలో ఒక పని చేసి చూడండి. ఇంట్లోనో వీధిలోనో ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి, ‘అన్నా, ఈ బండికి ఇదే లోపమని నీకెలా తెలిసింది?’ అని అడగండి. ఆయన చెప్పింది తెలుగులో పది వాక్యాలు రాయండి. మొదట ఆయన నవ్వి ‘అలా తెలిసిపోతుందిరా’ అంటాడు. వదలకుండా రెండోసారి అడగండి. అసలు పాఠం రెండోసారి చెప్పేదాంట్లో ఉంటుంది.